అక్క గొంతుతో ఆదివారం ఫోను

హరీశ్‌కు ఇరవై తొమ్మిదో ఏట గొంతు మారింది. మగపిల్లలకు పద్నాలుగో ఏట మారితే ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకుంటారు. జగిత్యాల బట్టల దుకాణంలో, కౌంటరు వెనక నిలబడి చీరలు చూపించే మనిషికి మారితే ఆ అవస్థే వేరు. "ప్యూర్ కాటన్ అక్కా, రంగు పోదు" అని గంభీరంగా ఎత్తుకునేవాడు. "రంగు" దాకా బాగానే ఉండేది. "పోదు" దగ్గరికి వచ్చేసరికి గొంతు జారి, ఎక్కడికో పైకి పోయి, కోడిపిల్ల అరిచినట్టయ్యేది. కొనడానికి వచ్చినవాళ్లు నవ్వు దాచుకోవడానికి చీర అంచును మహా శ్రద్ధగా పరీక్షించేవాళ్లు. యజమాని నర్సింగం మంచివాడు. "జలుబు జేసిందక్కా పోరనికి" అని ఆదుకునేవాడు. ఆ జలుబు ఎనిమిది నెలలు ఉంది.

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే రాజమౌళికి హరీశ్ రెండో బిడ్డగా పుట్టాడు. ఆడపిల్ల అనే పెంచారు. తాను ఆడపిల్ల కాదని ఆరేళ్లప్పుడే తెలిసినా, పైకి చెప్పడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. అదీ కోరుట్లలో ఉన్న అక్క రాధిక ఒక్కదానికే. తర్వాత జగిత్యాలలో పని దొరికింది, జుట్టు పొట్టిదయింది, కాగితాల్లో పేరు మారింది, హైదరాబాదు డాక్టరు మగ హార్మోను సూదిమందు మొదలుపెట్టాడు. మీసం రాకముందే చొక్కాలు వచ్చాయి. గొంతు మాత్రం ఆలస్యంగా వచ్చింది. అంతవరకు గ్యాస్ సిలిండరుకు ఫోను చేస్తే "అమ్మా, హరీశ్ సార్‌కు ఇయ్యుండ్రి" అనేవాళ్లు. కాసేపు ఆగి, దగ్గి, తనకు తానే ఫోను అందించుకున్నట్టు "హలో" అనేవాడు. "అమ్మా, సార్ లేడా?" అని మళ్లీ అడిగేవాళ్లు.

సూది పని చేసేలోపు తనే తొందరపడి, మూడు రోజులు గొంతును కిందికి తొక్కి మాట్లాడాడు. నాలుగో రోజుకు ఉన్న గొంతు కూడా పోయింది. వారం రోజులు చేతి సైగలతో చీరలమ్మాడు. చివరికి గొంతు నేర్పే మేడం ఒకామె వీడియో కాల్‌లో మందలించింది. "గొంతును తొక్కకండి. అరచెయ్యి ఛాతీ మీద పెట్టి, నోరు మూసుకుని 'మ్' అనండి. చేతికి వణుకు తగలాలి. ఆ వణుకును వదలకుండా మాటలోకి రండి" అంది.

అద్దెగదిలో పొద్దున్నే 'మ్' అనడం మొదలుపెడితే ఇంటామె ఐలమ్మ తలుపు కొట్టింది. "లోపట తేనెటీగలు వెట్టినయా ఏంది? దులిపిద్దునా?" అప్పటినుంచి సాధన హెల్మెట్‌లోకి మారింది. ఆదివారం బండి మీద కోరుట్ల పోతూ ఒక చేతిని ఛాతీకి ఆనించి, హెల్మెట్ లోపల "ప్యూర్ కాటన్, రంగు పోదు, గ్యారంటీ" అని చదువుకుంటూ పోయేవాడు. ఎదురొచ్చేవాళ్లకు గుండెనొప్పి మనిషిలా కనిపించేవాడేమో, ఒకాయన ఆపి నీళ్లు కూడా ఇచ్చాడు.

ఆదివారం కోరుట్ల పోవడానికి కారణముంది. తల్లి పోయినప్పటి నుంచి ఆదివారం పదకొండింటికి బాపుకు ఫోను చేయడం అలవాటు. జుట్టు పొట్టిదయ్యాక సిరిసిల్ల పోవడం మానేసినా, ఫోను మానలేదు. గొంతు జారడం మొదలైన మొదటి ఆదివారం జలుబన్నాడు. రెండోసారీ జలుబే. మూడోసారికి ధైర్యం చాలక అక్క దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"అక్కా, నా లెక్క నువ్వు మాట్లాడు. మనిద్దరి గొంతు ఒక్కతీరే ఉండేది గద."

"నీ గొంతు నీకు వద్దంటివి, నాకు అంటగడుతున్నవా తమ్మీ?" అంది రాధిక. అన్నా, మాట్లాడింది. హరీశ్ కాగితం మీద రాసిచ్చేవాడు, ఆమె చదివేది. స్పీకర్‌లో బాపు "ఆ... ఆ... మంచిది. తిన్నవా? మంచిది" అనేవాడు. ఒకసారి రాధిక "జరమచ్చింది బాపూ, మూడు దినాలాయె" అంటే, "ఆ, మంచిది మంచిది" అన్నాడు. ఫోను పెట్టేశాక అక్కాతమ్ముళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ముసలాయన ధ్యాసంతా సాంచె మీదేనని అనుకున్నారు. అలా రెండేళ్లు నవ్వుతూనే గడిచాయి. గొంతు గట్టిపడ్డాక చెబుదాం అనుకున్నాడు. గట్టిపడింది. గడ్డం వచ్చాక చెబుదాం అనుకున్నాడు. అదీ వచ్చింది. పండుగ పోనీ అనుకున్నాడు.

మొన్న వానాకాలంలో బాపుతో పనిచేసే జైపాల్ నుంచి ఫోను వచ్చింది. "మీ బాపుకు చెవులు మొత్తమే బందయినయి. పని మానిపిచ్చినం. అచ్చి చూసిపో."

ఆ రోజు బండి నడిపేంత నిబ్బరం లేక బస్సెక్కాడు. దారంతా మొదటి మాట ఏమనాలో అనుకుంటూనే పోయాడు. వీధి మొదట్లోనే జైపాల్ ఎదురై, గడ్డం వైపు చూసి, తల పంకించాడు.

"చెవులు ఎన్నడు పోయినయి మామా?" అని అడిగాడు హరీశ్.

"ఒక్క దినంల వోలేదు. నలపై ఏండ్ల సాంచెల సప్పుడాయె. డాక్టరేం జెప్పిండంటే, ముందుగాల సన్న గొంతులు వోతయట. ఆడోల్లు, పిల్లలు మాట్లాడితే మూడేండ్ల సంది ఆయిన్కు అసలే ఇనబడకపోతుండె. నా అసోంటి బొంగురు గొంతయితే పోయినేటి దాంక మంచిగనే ఇన్నడు."

హరీశ్‌కు మంచిది మంచిది అన్న ఆదివారాలన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. అక్క సన్నని గొంతులో ఒక్క ముక్క కూడా ఆ చెవికి చేరలేదు. చేరగలిగిన గొంతు ఆ పక్కనే, చాప మీద, నోరు మూసుకుని కాగితాలు రాస్తూ కూర్చుంది.

రాజమౌళి అరుగు మీద ఉన్నాడు. సాంచెల హోరులో పనిచేసేవాళ్లకు పెదవులు చూసి మాట పట్టడం అలవాటే. హరీశ్ ఎదుట కూర్చుని "బాపూ, నేను" అన్నాడు.

"ఎరికే" అన్నాడాయన, చెవిటివాళ్లలా గట్టిగా. "జైపాల్ జగిత్యాలల తువ్వాలలు కొనవోయి నిన్ను చూసిండట. రెండేండ్లాయె. నువ్వే జెప్తవని ఊకున్న."

"ఫోన్‌ల మాట్లాడింది నేను కాదు బాపూ. అక్క."

"ఎవలో ఏమో, నాకేం ఇనబడ్డది? ఇనబడుతలేదంటే ఫోన్ జేసుడు బందు వెడ్తవని, ఆ ఆ అన్న."

హరీశ్‌కు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాడు. రాజమౌళి కాసేపు వాడి మెడను చూస్తూ ఉండి, చెయ్యి చాపి అరచేతిని ఛాతీ మీద ఆనించాడు. ఏ సాంచె సరిగ్గా నడవకపోయినా ఆయన ముందు దాని చట్రం మీద అలాగే చెయ్యి పెట్టేవాడు. పక్కన కండెలకు నూలు చుడుతూ హరీశ్ చిన్నప్పుడంతా అది చూసినవాడే.

"మాట్లాడు" అన్నాడు తండ్రి.

దారంతా కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. నోరు తెరిస్తే అలవాటైనదే వచ్చింది. "ప్యూర్ కాటన్, రంగు పోదు, గ్యారంటీ."

"మల్ల."

"ప్యూర్ కాటన్. రంగు పోదు. గ్యారంటీ."

"ఎవలయ్యా, బాకిట్ల సీరెలమ్ముతున్నరు?" అని జైపాల్ వీధిలోంచి అరిచాడు. ముసలాయనకు అది వినపడలేదు. కళ్లు మూసుకుని చేతిని అలాగే ఉంచాడు.

"గుబగుబ అంటున్నది. మంచిగనే నడుస్తున్నది" అన్నాడు. కాసేపటికి చెయ్యి తీసుకున్నాడు. "పోయినేడు అచ్చినా ఇనేటోన్ని గదరా."

 పెదవులు కదిలితే ఆయన చదివేస్తాడని హరీశ్ తల వంచుకున్నాడు.

సాయంత్రం బస్సులో జనం నిలబడి ఉన్నారు, ఇంజను రొద, ఎవరిదో ఫోనులో పాట. కండక్టరు అవతలి చివర్నుంచి "ఎక్కడికి, అన్నా?" అని అడిగాడు.

"జగిత్యాల" అన్నాడు హరీశ్. గొంతు జారలేదు, వణకలేదు.

కండక్టరు ఒక్కసారికే విన్నాడు.