ఓబులమ్మ టేకు మంచం

ప్రొద్దుటూరు ఓబులమ్మకు దాపరికం చేతకాదు. ఇంట్లో పనికిరాని సామాను ఫోన్లో వేలానికి పెట్టినప్పుడల్లా, పైటకొంగుతో దుమ్ము తుడిచి, గీతలూ చెద తిన్న చోట్లూ ముందు కనబడేలా కోడలు నందిని చేత ఫొటోలు తీయిస్తుంది. బీరువా, కుట్టుమిషను అట్లాగే పోయాయి. నిన్న తాను పడుకునే టేకు మంచాన్నే పెట్టించింది. పాట పెరుగుతుండగా జమ్మలమడుగు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"దాని మింద ఎవురన్నా పోయినారా అవ్వా?"

"ఇంగా లేదప్పా. మనిషి పోయిన మంచం ఎవురు కొంటారు? అందుకే ముందే పెట్టినా. పాట నీదయితే రేపొచ్చి తీస్కపో."

నందిని ఫోన్ మీంచి తలెత్తి అత్త వైపు చూసింది. ఓబులమ్మకు ఇక కొన్ని నెలలే అని కడప డాక్టరు చెప్పిన మాటను ఇంటిల్లిపాదీ ఆమె దగ్గరే దాచిపెట్టారు.

"ఏందమ్మే అట్ల జూస్తాండావు?" అంది ఓబులమ్మ. "కోడు కింద పగులుండాది, అది గూడా ఫొటో తియ్యి."