మందనీ కర్ర కింద చప్పుడు

ఇరాన్‌లోని జర్దకూహ్ కొండకు ఈవల గడ్డి అయిపోయింది. గొర్రెల పొదుగులు ఎండిపోయి, పిల్లలు లేచి నిలబడలేకపోతున్నాయి. కనుమ దాటితే ఆవలంతా పచ్చికే. అడ్డం మంచు. అదైనా బుద్ధిగా కరిగి చస్తుందా? ఒకచోట నేల తేలి ఎర్రపూలు పూస్తే, పక్కనే నడుములోతు పేరుకుని ఉంటుంది.

ఆ లోతు చూసి దారి చెప్పేది మందనీ అనే పెద్దాయన. మీసం మొలిచిన నాటినుంచీ గుడారాలన్నీ అతని మాట మీదే కదులుతున్నాయి. అతని కర్రకు గొర్రెపిల్ల పొట్ట ఎత్తున ఒక గాటు ఉంది. మంచు ఆ గాటు దాటితే మంద కదలదు. లోతు తగ్గినంత మాత్రాన నమ్మడానికీ లేదు. వాగు మీది మంచు అడుగునుంచి కరిగి డొల్లవుతుంది. అందుకే కర్రతో పొడిచి, కింద నీళ్ళ చప్పుడుందేమో చెవి ఒగ్గి వినాలి.

ఆ చెవే పోయింది. దగ్గరి మాటలు తప్ప సన్న చప్పుళ్ళేవీ అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కర్ర ఇంకొకరి చేతికి పోతుంది, ఆపైన తననెవరు అడుగుతారు? ఆ దిగులుతో రోజూ కాలుగాలిన పిల్లిలా కనుమ చుట్టూ తిరుగుతున్నాడు. వెనకే భార్య గులందామ్.

"తోకలాగా నా వెంటెందుకే? గుడారంలో పన్లేదా?"

"ఉంది. నువ్వు నడువు."

చివరికి అన్న కొడుకు అలీమరాద్ మందను వాగు దాకా తోలుకొచ్చేశాడు. "బాబాయ్, ఇట్టా మంచుకు సూదులు పొడుస్తా కూచుంటే ఉన్న పిల్లలు కూడా చస్తాయి. పోదామా, వద్దా?"

మందనీ వాగు మీద పొడిచాడు. మంచు గాటుకు దిగువనే ఉంది. కర్ర గట్టిగా తగిలింది. చప్పుడు లేదు. లేనిది మంచులోనో తన చెవిలోనో తెలియలేదు. "పదండి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలీమరాద్ భుజం మీద ఒక గొర్రెపిల్ల తల వేలాడేసి ఉంది.

"గులందామ్, మళ్ళీ పొడుస్తా. ఏం వినపడిందో చెప్పు. నాకు వినపడదు."

అలీమరాద్ ముందు ఆ మాట అన్నందుకు అతని ముఖం సిగ్గుతో కందిపోయింది. అతను పొడిచాడు, ఆమె వంగి వింది.

"కింద నీళ్ళు. పైకి పోదాం."

పైన మంచు సరిగ్గా గాటు దాకా ఉంది. ఆమె విని, "ఇక్కడ రాయే" అంది. మంద దాటింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు మందనీ.

"పోయినేడే. వాగు దగ్గర కింద నీళ్ళు వినపడుతున్నా నువ్వు పదండి అనబోతే, కాలు బెణికిందని కూలబడి ఏడ్చానే."

ఆ రోజు ఆలస్యం చేసిందని దారి పొడుగునా ఆమెను తిట్టింది అతనే.