ఏమీ వెయ్యని మడి

జెండేకా అత్త అబద్ధమాడగా నేను చూసింది ఒక్కసారే. కాకపోతే ఆ ఒక్కటీ ఏడాదిన్నరపాటు ఆడింది.

ఆవిడ నాకు సొంత అత్తేం కాదు. మా మారగోలి కొండవాలు మీద మా కంచె దాటితే ఆవిడ పొలం. పొలమంటే అర ఎకరం. అందులోనే ఇల్లు, ఆవు కొట్టం, నాలుగు అరటి చెట్లు, భర్త సమాధి, మిగిలినదంతా మొక్కజొన్న. పదహారేళ్ళప్పుడు కాపురానికొచ్చి ఐదుగురు పిల్లల్ని ఆ కాస్త నేల మీదే పెంచింది. భర్త నైరోబీలో లారీలు కడిగే పనిలో ఉండి ఏడాదికోసారి వచ్చేవాడు, నాలుగు రోజులు మొక్కజొన్న పిండి ముద్ద, మా ఉగాలి, తిని నేలని మెచ్చుకుని వెళ్ళిపోయేవాడు. ఈవిడ మాత్రం తెల్లవారేసరికి మచ్చల ఆవు పేడ తట్టకెత్తుకుని చేలో ఉండేది. ఆదివారం చర్చిలో మేమంతా కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చుంటే ఆవిడ గోళ్ళలో మట్టి తీసుకుంటూ కూర్చునేది. దేవుడికి ఆ మట్టి కొత్తా ఏమిటి అనేది.

పరిశోధన వాళ్ళు మా ఊరొచ్చి పన్నెండు ఇళ్ళు ఎంచుకున్నారు. ఒక్కో పొలంలో మూడు మడులు, ఒక్కోటి పది అంగల పొడవు, పది అంగల వెడల్పు. ఒకదానికి ఆవు ఎరువు, ఒకదానికి కొట్లో కొన్న బస్తా ఎరువు, మూడోదానికి ఏమీ వెయ్యకూడదు. ఆవు ఎరువుతో బాగా పండుతుందని తేలితే కొండ మీద నలభై ఇళ్ళకి ఒక్కో ఆవు పెయ్య, మేత గడ్డి నారు ఇస్తామన్నారు. ఊళ్ళో స్కూలు పూర్తిచేసిన కోడల్ని నేనే కాబట్టి, వారం వారం మొక్కల ఎత్తు కొలిచి పుస్తకంలో రాసే పని నాకు అప్పజెప్పారు.

ఏ మడి ఎక్కడో చీటీలు తీసి తేల్చారు. జెండేకా అత్త పొలంలో ఏమీ వెయ్యని మడి సరిగ్గా బాట పక్కకొచ్చింది. సంతకీ, చర్చికీ, నీళ్ళ ఊటకీ ఊరంతా నడిచే బాట అది.

"దీన్ని అరటి చెట్ల వెనక్కి మార్చెయ్యవే అమ్మాయీ."

"మార్చకూడదత్తా. చీటీలో అలాగే వచ్చింది."

"చీటీదేం పోయింది! దారినపోయే వాళ్ళకి మొహం చూపించాల్సింది నేను కదా!"

మాకు ఏడాదికి రెండు పంటలు. మొదటి పంట బానే గడిచింది. రెండో పంటకి ఆ మడిలో ఆకులు పసుపెక్కాయి. ఆవిడ తోడికోడలు ముహొంజా నీళ్ళ డబ్బా నెత్తిన పెట్టుకుని వెళ్తూ సరిగ్గా అక్కడే ఆగింది. ఆగిందే గాక, బాట మీద ఉన్నవాళ్ళందరికీ వినపడేలా గొంతు పెంచింది.

"అక్కా! ఒంట్లో బాలేదా ఏంటి? పోనీ నా కోడల్ని పంపనా, రెండ్రోజులు సాయం చేస్తుంది?"

"అది పరిశోధన మడే! ఏమీ వెయ్యొద్దన్నారు!"

"ఓహో. మా చేలోనూ ఉందిగా పరిశోధన మడి. పచ్చగానే ఉంది మరి, అదేంటో!"

అత్త మొహం కందగడ్డయిపోయింది. ఆ పూట అలసంద ఆకు కూర వండి నాకు పెట్టింది గానీ తను ముద్ద ముట్టలేదు. "నలభై ఐదేళ్ళలో నా చేను చూసి నవ్వినవాళ్ళు లేరే," అంది. నాకూ కడుపు మండిపోయింది. ముహొంజా నోటికి తాళం వేసే చట్టం ఏదైనా ఉంటే బాగుండుననిపించింది.

మూడు వారాలు తిరిగేసరికి ఆ మడి నవనవలాడిపోతోంది! నేను కర్రతో మట్టి గెలికి చూశాను. మొదళ్ళలో పేడ.

"ఇదేంటత్తా?"

"ఆవు దారిలో పోతూ వేసిందేమోనే."

"వరసల్లో వేసిందా? మొక్కకో గుప్పెడు చొప్పున కొలిచి వేసిందా?"

"తెలివైన ఆవు," అంది నా వంక చూడకుండా.

నేను నవ్వేశాను. పుస్తకంలో మొక్కల ఎత్తు రాశాను, పేడ మాట రాయలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం, పోనీలే పెద్దావిడ, ఒక్క మడి వల్ల ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

రెండేళ్ళయ్యాక పరిశోధన వాళ్ళ పెద్ద, డాక్టరమ్మ చెరోటిచ్, లెక్కలు చెప్పడానికి వచ్చింది. అత్త ముంగిట్లోనే అందరం చేరాం. పాలు పోసిన టీ ఇచ్చాం. ఆవిడ టీ తాగి, కాగితాలు సర్దుకుని, దిగులుగా మొదలుపెట్టింది. ఏమీ వెయ్యని మడికీ, ఆవు ఎరువు వేసిన మడికీ తేడా దాదాపు ఏమీ లేదట. ఈ కొండ నేలకి ఎరువు అక్కర్లేదని తేలిందట. అందుకని ఆవు పెయ్యలు, మేత గడ్డి వేరే కొండ వాళ్ళకి పోతాయట.

అత్త వంక చూశాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. నోరు విప్పితే ఊరందరి ముందూ, ముహొంజా ముందూ పరువు పోతుంది. విప్పకపోతే నలభై ఇళ్ళ నోటి దగ్గర పాలు పోతాయి. నేను చెప్పేద్దామని లేవబోయాను. ఆవిడ నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి, అదే ఊతగా తను లేచింది.

"డాక్టరమ్మా, ఆ కాగితం తప్పు. నా ఏమీ వెయ్యని మడిలో నేను పేడ వేశాను. రెండో పంట నుంచి వరసగా మూడు పంటలకీ వేశాను. ఆకులు పసుపెక్కితే దారినపోయేవాళ్ళు నవ్వారు, తట్టుకోలేకపోయాను. ఈ పిల్లకి కూడా అబద్ధం చెప్పాను. నన్ను పరిశోధనలోంచి తీసెయ్యండి, వాళ్ళకి మాత్రం పెయ్యల్ని ఆపకండి."

డాక్టరమ్మ కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లగా, "ఇంకెవరైనా ఇలా చేశారా?" అని అడిగింది.

చివర్నుంచి ఒక చెయ్యి లేచింది. ముహొంజాది!

"ఏం చెయ్యను డాక్టరమ్మా," అంది తల దించుకునే. "మా అక్క చేను ముందు నాది బోసిపోతే నేను ఊళ్ళో తిరగ్గలనా?"

ఇక ఒక్కొక్కటే లేచాయి. పన్నెండు ఇళ్ళలో తొమ్మిది! డాక్టరమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వారు. జెండేకా అత్త మాత్రం తోడికోడలి దగ్గరికెళ్ళి, "దొంగమొహమా, పచ్చగానే ఉంది మరి అదేంటో అన్నావు కదే!" అని వీపు మీద ఒక్కటిచ్చింది.

డాక్టరమ్మ పైవాళ్ళతో పోట్లాడి ఇంకో రెండేళ్ళు గడువు తెచ్చింది. ఈసారి ఏమీ వెయ్యకుండా ఉండగలరా అని అడిగితే, ఉంటాను గానీ ఒక బోర్డు కావాలంది అత్త. తను చెప్పింది చెప్పినట్టు నాచేత రాయించింది: "ఇది జెండేకా బద్ధకం కాదు. చదువుకున్నవాళ్ళ పని." ఆవిడకి చదువు రాదు. నేనింకేమైనా కలిపానేమోనని ముగ్గురిచేత విడివిడిగా చదివించుకుని, అప్పుడు పాతింది. వారం తిరిగేలోగా తక్కిన పదకొండు చేలల్లోనూ బోర్డులు లేచాయి. ముహొంజా తన దాని మీద తన పేరు ఇంకాస్త పెద్దగా రాయించుకుంది.

పాత పేడ సత్తువతో ఆ మడి ఒక ఏడాది నెట్టుకొచ్చింది. తర్వాత నీరసపడింది. పసుపెక్కిన ఆకుల్ని చూసినప్పుడల్లా అత్త మొహం తిప్పుకుని పోయేది, తట్ట మాత్రం అటు తీసుకెళ్ళలేదు. అది ఎంత కష్టమో పక్కనుండి చూశాను, నాకు తెలుసు.

కొత్త గడువులో నాలుగో పంట కోశాక గింజలు ఒలిచి, ఎండబెట్టి, ముంగిట్లో కాటా వేశాం. ఆవు ఎరువు మడిది నలభై ఒక్క కిలో. ఏమీ వెయ్యని మడిది పదమూడు.

నేను ఎగిరి గంతేశాను. "అత్తా! పెయ్యలొచ్చినట్టే!"

ఆవిడ గంతెయ్యలేదు. రెండు కుప్పల మధ్యా గొంతుక్కూర్చుంది.

"మళ్ళీ చదువు."

చదివాను.

"తేడా ఎంత?"

"ఇరవై ఎనిమిది కిలోలు."

చిన్న కుప్పలోంచి గుప్పెడు తీసి చూసుకుంది. సన్నటి, వడలిన గింజలు. "మా ఆయన వచ్చినప్పుడల్లా అనేవాడు, మన నేల మంచిదే జెండేకా, అదే పండుతుంది అని. ఊరంతా అదే అన్నారు. నేనూ అదే అనుకున్నాను." ఆ గింజల్ని మళ్ళీ కుప్పలో పోసింది. "నేల పండించేది ఈ పదమూడేనటే. తక్కిన ఇరవై ఎనిమిదీ నేనే. రాసుకో."

ఆ మాట రాయడానికి నా పుస్తకంలో గడి లేదు. పేజీ పక్కన ఖాళీలో జెండేకా అని పేరు రాసి, ఎదురుగా ఇరవై ఎనిమిది కిలోలు అని వేశాను.