పచ్చిపాలు తాగనన్నాను

ఆ రోజు మార్కాపురం ఆఫీసులో మీటింగ్ అయిపోయి అందరూ లేచారు. నేను లేవలేకపోయాను. నడుములో మేకు దిగ్గొట్టినంత నొప్పి. అప్పటికే కొన్ని వారాలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, చీర తడిసేంత చెమట. ఎండదెబ్బ అనుకుని పారాసిటమాల్ మింగుతూ తిరిగాను.

నేను సోషల్ సైకాలజీ చదివాను. ప్రజారోగ్య పరిశోధనలు నడిపించడం నా ఉద్యోగం. నిధులు, అనుమతులు, సర్వే ప్రశ్నలు చూసుకుంటాను. జనం ఆసుపత్రికి ఆలస్యంగా ఎందుకు వస్తారన్నదే ఇన్నేళ్ళ నా పని. చెప్పేవి శ్రీరంగనీతులు!

ఒంగోలులో ఎమ్మారై తీశారు. "స్పైన్‌లో ఇన్ఫెక్షన్ ఉంది. టీబీ కావచ్చు, బయాప్సీ చేద్దాం" అన్నారు డాక్టరుగారు.

"మళ్ళీ మామూలుగా నడుస్తానా సార్?"

"ముందు అదేమిటో తెలియాలమ్మా."

ఊళ్ళు తిరిగే ఉద్యోగం నాది. చాలా భయమేసింది.

ఆయన ఇంకా ఏవేవో అడిగారు. "పచ్చిపాలు తాగుతారా?" అంటే "తాగనండీ" అన్నాను. పక్కనున్న మా నాయనకు నవ్వొచ్చింది. అర్ధవీడు దగ్గర మేకలు మేపుకునే మనిషి.

"పచ్చిపాలు పుట్టలో పోస్తారు గాని మనుషులు తాగుతారా సార్? మా పాప ఇంటికొస్తే గుమ్మపాలే తాగుతాది."

"గుమ్మపాలంటే?"

"అప్పుడే పిండిన మేకపాలు సార్, నురగతోనే. వెచ్చగుంటాయి గదా, ఇంక కాసేదేంది?"

డాక్టరుగారు రాయడం ఆపారు. మేకలు బాగున్నాయా అని అడిగారు.

"యాడ సార్, మొన్న రెండు సూడి మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోయినాయి."

బయాప్సీ వాయిదా వేసి, బ్రూసెల్లా టెస్టుకు రక్తం పంపారు. పాజిటివ్. "పశువుల నుంచి, కాచని పాలతో వచ్చే జబ్బు. మందులకు తగ్గుతుంది. నడుస్తారు" అన్నారు. సంతోషంతో ఏడ్చేశాను. నాయన మాత్రం తల పట్టుకున్నాడు.

"నా చేత్తోనే ఇచ్చినాను గదమ్మా."

"నీ నోటితోనే బయటపడింది గదా నాయనా" అన్నాను.

నెలల తరబడి డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్. అన్నం చూస్తే వాంతి. మధ్యలో జ్వరం తిరగబెట్టి, మళ్ళీ అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు ఇచ్చారు. అప్పుడు నిజంగా ధైర్యం పోయింది. తర్వాత నెమ్మదిగా నొప్పి వదిలింది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాం, ఎవరికీ లేదు. పశువుల డాక్టరు మందను చూశారు.

ఇప్పుడు కంభం, గిద్దలూరు వైపు ఊళ్ళన్నీ మళ్ళీ నడిచి తిరుగుతున్నాను. మా సర్వే ప్రశ్నలో పచ్చిపాలు అన్న మాట పక్కన గుమ్మపాలు అని కూడా చేర్పించాను. ఇంట్లో నాయన, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గరనుంచి కదలడు.

ఒక్క మాట చెబుతాను. జ్వరం ఎన్నాళ్ళకీ వదలకపోతే, డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. ఇంట్లో మీకు తిండి పెట్టే మనిషిని వెంట తీసుకెళ్ళండి.