తొమ్మిదేళ్లు ఆగిన వాక్యం

పాము పగ పన్నెండేళ్లంటారు. ఆ లెక్కన మైకాయన పగ ఇంకా ఎదిగే వయసులోనే ఉంది, దానికి తొమ్మిదేళ్లే. అయితే పాముకు లేని సదుపాయాలు మైకాయనకు రెండున్నాయి. ఒకటి వ్యాను, రెండోది దాని నెత్తిన కట్టిన జోడు హారన్లు.

ఊళ్లో రెండు రోజులు నీళ్లు రావన్నా, కొత్త చెప్పుల దుకాణం తెరిచారన్నా, సర్కస్ వచ్చిందన్నా ఆ కబురు మైకాయన గొంతులోంచి రావాల్సిందే. మిగతావాళ్లు చెబితే అది పుకారు. వ్యాను నడిపేది ఆయన బావమరిది. హారన్ల హోరులో మాటలు వినబడవు కాబట్టి వాళ్లిద్దరి మధ్య సంభాషణంతా వేలి కణుపులతోనే: వ్యాను రేకు మీద ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లయితే కదులు. పద్నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటా మాటా రాలేదంటే కారణం అదేనని మైకాయన భార్య అంటుంది. అలాంటి రేకొకటి ఇంట్లో కూడా ఉంటే బాగుండునని ఆయన మనసులో అనుకుంటాడు.

మైకాయన పనితనంలో ఒక రహస్యముంది. వాక్యాన్ని ఎప్పుడూ మొదలుపెట్టిన వీధిలో ముగించడు. "రేపు ఉదయం ఆరు గంటల నుంచి మీ కుళాయిల్లో..." అని మందుల షాపు దగ్గర ఆపి, రేకు మీద రెండుసార్లు కొడతాడు. ఆ వాక్యం తోక పోస్టాఫీసు మలుపులో దొరుకుతుంది. ఏం వస్తుందో, ఏం రాదో తెలియక జనం చేతిలో పని చేతిలోనే పట్టుకుని వ్యాను వెంట నడుస్తారు. "ఊరికి సగమే చెప్పాలిరా, మిగతా సగం ఊరే చెప్పుకుంటుంది" అని బావమరిదికి ఉపదేశం. రెండో సూత్రం బొటనవేలిది. ఆ వేలు మైకు స్విచ్చి మీంచి కదలదు. నోరు తెరవడం పుట్టినవాడికల్లా వచ్చు, మైకు మూయడం తెలిసినవాడే మైకువాడు.

ఈ రెండో సూత్రం తెలియనివాడు కార్యదర్శి. ఏ సంఘానికి కార్యదర్శి అని అడగడం అమాయకత్వం. గ్రంథాలయ సంఘం, చదరంగ సంఘం, మొక్కల సంఘం, అన్నిటికీ ఆయనే. అధ్యక్షులు వస్తుంటారు, పోతుంటారు, ఒక్కోసారి పైకే పోతుంటారు. కార్యదర్శి మాత్రం కదలడు. ఊరి చివరి చిన్న రన్‌వే మీద తొమ్మిదేళ్ల కిందట మొదటి ఎయిర్ షో పెట్టిన సంఘానికీ ఆయనే కార్యదర్శి.

ఆ షోకి ముందురోజు నీళ్ల ట్యాంకు మీద మైకాయన హారన్లు కడుతుంటే, పర్యవేక్షణ పేరుతో కార్యదర్శి నిచ్చెన ఎక్కాడు. ఏడో మెట్టు దాకా కార్యదర్శిలాగే ఎక్కాడు. అక్కడ కిందికి చూశాడు. ఆపైన నిచ్చెనను బల్లిలా కరుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, "దించవయ్యా, నీకు పుణ్యముంటుంది, దించు" అని సన్నగా మొదలుపెట్టాడు. మైకాయన నిచ్చెన వెనక వైపు నుంచి ఆయన కిందికి దిగి, ఆయన పాదాలను ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీద పెట్టి, చంటిపిల్లాణ్ణి దించినట్టు దించాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చాడు. చేసిన మేలు మరిచిపోయేవాళ్లు లోకంలో కోకొల్లలు. దాన్ని గుర్తుపెట్టుకుని కక్షకట్టేవాళ్లు అరుదు. కార్యదర్శి ఆ అరుదైన జాతి.

మర్నాడు మైకు మైకాయన చేతిలో ఉంది. ఎనిమిది వేలమంది తలలు పైకెత్తి చూస్తున్నారు. మూడు విమానాలు రెక్కకు రెక్క ఆనించినట్టు దూసుకొస్తున్నాయి. "ఇవి ఒకదానికొకటి ఎంత దగ్గరగా వస్తున్నాయంటే, మధ్యలో..." అని మైకాయన తన అలవాటు ప్రకారం ఆపాడు. ఆ ఆగిన సందులో కార్యదర్శి చెయ్యి దూరి మైకు లాక్కుంది.

"ఇక చాల్లేవయ్యా. ఇది ఎయిర్ షో, వంకాయల బండి కాదు."

మైకు మూయాలని ఆయనకు తెలియదు. తన అవమానాన్ని తానే కట్టిన పన్నెండు హారన్లలో, ఒకదాని వెనక ఒకటిగా, ప్రతిధ్వనితో సహా విన్న మనిషి లోకంలో మైకాయన ఒక్కడే అయ్యుంటాడు. ఎనిమిది వేలమంది నవ్వారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఊళ్లో ఏ వీధికి వ్యాను వెళ్లినా ఏదో ఒక అరుగు మీంచి, "వంకాయలు లేతవేనా?" అని ఒక గొంతు పలకరించేది. మైకాయన ఇంట్లో వంకాయ వండడం ఆగిపోయింది. కూర మానేస్తే పగ చల్లారుతుందా అని భార్య అడిగితే, పగ వల్ల కాదు, వంకాయ ఒంటికి పడకే మానేశానని అబద్ధమాడాడు.

రన్‌వే మీది గుంతలు పూడ్చాలా, వాటి చుట్టూ తిప్పాలా అన్న విషయం మీద సంఘం తొమ్మిదేళ్లు చర్చించి, చివరికి పూడ్చింది. రెండో ఎయిర్ షోకి ముహూర్తం కుదిరింది. పది రోజులు వీధుల్లో ప్రచారం చేయమని కార్యదర్శి మైకాయనను పిలిపించి, ఒక కాగితం చేతిలో పెట్టాడు. షో రోజు కామెంటరీ ఎవరిదని మైకాయన అడిగాడు. వీధి నీది, మైదానం నాది అన్నాడు కార్యదర్శి, తలెత్తకుండానే.

కాగితంలో ఆరో అంశం దగ్గర మైకాయన చూపు ఆగింది. "ఊరి ప్రముఖులొకరు పైలట్‌తో కలిసి ప్రయాణించి, ఆకాశంలో తలకిందులుగా విహరిస్తారు." ఆ ప్రముఖులెవరో రాయలేదు. బియ్యం మిల్లు యజమానిని ఒప్పిద్దామని సంఘం ఆలోచన, ఆయన ఇంకా ఔననలేదు. ఎవరండీ అని అడిగితే, "ఎవరో ఒకరు. నీకెందుకు? రాసింది చదువు, చాలు" అన్నాడు కార్యదర్శి.

మైకాయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గుండెకు దగ్గరి జేబులో దాచుకున్నాడు. ఇంటికి వెళుతూ దారిలో వంకాయలు కొన్నాడు. వాటిని చూసి భార్యకు భయం వేసింది.

మొదటిరోజు రాసిందే చదివాడు, అక్షరం పొల్లుపోకుండా. రెండోరోజు, "తలకిందులుగా విహరించబోయే ఆ ధీరుడెవరు?" అని మందుల షాపు దగ్గర అడిగి, రేకు మీద రెండుసార్లు కొట్టాడు. పోస్టాఫీసు మలుపులో జవాబు కోసం నలభైమంది నిలబడి ఉన్నారు. జవాబు అక్కడ దొరకలేదు, బస్టాండులోనూ దొరకలేదు. "రేపు చెబుతాం" అని వ్యాను ఇంటికి పోయింది. మూడోరోజు, "ఆయన కళ్లజోడుకు గొలుసుంటుంది" అన్నాడు. ఊళ్లో గొలుసు కళ్లజోళ్లు మూడున్నాయి. ఒకటి పళ్లు పీకే డాక్టరుది, ఒకటి మిల్లు యజమానిది. ఆ సాయంత్రమే మిల్లు యజమాని తన గొలుసు తీసి సొరుగులో పడేశాడని తర్వాత తెలిసింది. నాలుగోరోజు, "ఆయన లేని సంఘం ఈ ఊళ్లో లేదు" అన్నాడు.

పేరు చెప్పలేదు. నిచ్చెన సంగతి అసలే చెప్పలేదు. ఇచ్చిన మాట మాటే. మిగతా సగం ఊరే చెప్పుకుంది.

ఐదోరోజు పొద్దున్న కార్యదర్శి క్షవరానికి వెళితే, గడ్డానికి సబ్బు పూసుకున్నవాళ్లతో సహా అందరూ లేచి నిలబడ్డారు. బ్యాంకు గుమాస్తా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. పుస్తకాల షాపు పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ, ఈ వయసులో ఇంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది నాయనా అని అడిగింది. దేని గురించో ఆయనకు సగం గడ్డం అయ్యాక అర్థమైంది. మిగతా సగం గడ్డంతో వీధిలోకి పరుగెత్తాడు.

వ్యాను మందుల షాపు దగ్గరే దొరికింది. కార్యదర్శి దానికి అడ్డంగా నిలబడ్డాడు. మైకాయన రేకు మీద ఒకసారి కొట్టాడు. చూస్తుండగానే వీధి నిండిపోయింది.

"ఏమయ్యా, ఎవరిని అడిగి చెప్పావు నా పేరు?" అన్నాడు కార్యదర్శి గొంతు తగ్గించి.

"మీ పేరు నేనెక్కడ చెప్పానండీ?"

"ఊరంతా నేనేననుకుంటోంది."

"అయితే మీరు కాదని మీరే చెప్పండి." మైకాయన మైకును తిప్పి, పిడి ముందుకు పెట్టి, పెళ్లికొడుక్కి పళ్లెం అందించినంత మర్యాదగా అందించాడు. బొటనవేలు స్విచ్చి మీద ఉంది. "ఎందుకు కాదో కూడా ఒక మాట చెప్పండి. జనం అడుగుతారు కదా."

కార్యదర్శి మైకు వైపు చూశాడు. తొమ్మిదేళ్ల కిందట లాక్కున్న చెయ్యి ఇప్పుడు ఇస్తుంటే అందుకోవడానికి తటపటాయించింది. జనం వైపు చూశాడు. ఆరు సంఘాల సభ్యులు ముందువరసలోనే ఉన్నారు. మైకాయన వేలు చిన్నగా కదిలింది. హారన్లు గరగరమన్నాయి.

"ఊరి కోసం..." అంది కార్యదర్శి గొంతు, నాలుగు వీధుల దాకా. ఇంకో దారి దొరక్క, "సిద్ధం" అంది.

చప్పట్లకు మందుల షాపు అద్దాలు అదిరాయి. వ్యాను కదిలాక బావమరిది కిటికీలోంచి తల బయటపెట్టి, "బావా, ఆయన మొహం చూశావా? అచ్చం నీ వంకాయ రంగే" అన్నాడు. పద్నాలుగేళ్లలో వాళ్లిద్దరూ పని మధ్యలో మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే.

మిగతా ఐదురోజుల్లో మైకాయన ఎంత నిజాయితీగా పనిచేశాడంటే, పక్క ఊళ్లవాళ్లు కూడా పనులు మానుకున్నారు. కార్యదర్శి జ్వరం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఆసుపత్రి డాక్టరు చూసి, భేషుగ్గా ఉన్నారు, ఎగరండి అన్నాడు. ఆ డాక్టరు చదరంగ సంఘంలో సభ్యుడు, కార్యదర్శి పదవి మీద ఎప్పటినుంచో కన్నున్నవాడు. విమానం నడిపే ఆవిడ రెండురోజుల ముందే వచ్చింది. పొట్టి మనిషి, పని మాటలు తప్ప మాట్లాడదు. కార్యదర్శిని కాటా మీద నిలబెట్టి బరువు చూసింది, పట్టీల కొలత తీసుకుంది, ఒక కాగితం సంచి చేతిలో పెట్టింది. ఇదెందుకమ్మా అని ఆయన అడిగితే, తెలుస్తుందిలెండి అంది.

మనిషి ఆకాశంలో ఉంటే కామెంటరీ చెప్పేదెవరన్న ప్రశ్న సంఘం సమావేశంలో వచ్చింది. అందరూ మైకాయన వైపు చూశారు. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, మీ ఇష్టం అన్నాడు.

షో రోజు పదిహేను వేలమంది వచ్చారు. కామెంటరీ బల్ల మీద కొత్త యంత్రమొకటి పెట్టి, పైలటమ్మ మైకాయనకు చూపించింది. విమానంలో తనకు ఈ బల్ల మైకు మాత్రమే వినిపిస్తుంది, వెనక సీటు మాటలు ఈ హెడ్‌ఫోన్లో వినిపిస్తాయి. ఈ మీట నొక్కితే అవే జనానికి హారన్లలో వినిపిస్తాయి. ఆయన అనుభవం ఊరంతా వింటే బాగుంటుంది కదా అని ఆవిడ ఉద్దేశం. మైకాయన మీటను చూశాడు. ఇంత మంచి రోజు మనిషి జన్మలో ఒక్కసారే వస్తుంది.

ముందు మూడు విమానాలు వచ్చాయి, రెక్కకు రెక్క ఆనించినట్టు. తన మాటలు మైకాయన చెవికి చేరతాయని పైలటమ్మ చెప్పగా విన్న కార్యదర్శి అప్పటికే పక్కన నిలిచిన చిన్న విమానంలో పట్టీల మధ్య బిగుసుకుని ఉన్నాడు. మైకాయన మైకు ఎత్తాడు.

"ఇవి ఒకదానికొకటి ఎంత దగ్గరగా వస్తున్నాయంటే, మధ్యలో..." ఆగాడు. పదిహేను వేలమంది ఆగారు. "వంకాయ పెడితే పచ్చడే."

మైదానం విరగబడి నవ్వింది. ఈసారి నవ్వు ఆయన వైపు నిలబడి నవ్వింది.

చిన్న విమానం లేచింది. మైకాయన హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మొదటి చక్కరులో మూలుగు వినిపించింది. విమానం తలకిందులయ్యేసరికి కార్యదర్శి అమ్మను పిలిచాడు, తర్వాత వరసగా చుట్టాలందరినీ పిలిచాడు. చివరికి, "మైకాయనా, వింటున్నావా, దించవయ్యా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. అవే మాటలు, ఏడో మెట్టు మీది గొంతుతోనే. బొటనవేలు మీట మీద ఆనింది. పదిహేను వేలమంది, పద్దెనిమిది హారన్లు, ఒక్క నొక్కు.

మైకాయన ఆలోచించాడు. ఊరంతా వింటే రేపు నవ్వుతారు, ఎల్లుండి జాలిపడతారు, ఆ మర్నాడు మరిచిపోతారు. పంచిపెట్టిన పగ ప్రసాదం లాంటిది, తలా చిటికెడు వస్తుంది. దాచుకున్నది ఆస్తి. వేలు వెనక్కి తీశాడు. హెడ్‌ఫోన్ చెవులకు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు.

"కార్యదర్శిగారు మౌనంగా ప్రకృతిని ఆస్వాదిస్తున్నారు" అని జనానికి చెప్పాడు. "ఇంకో రెండు చక్కర్లు కొట్టమని కోరుతున్నారు."

పైలటమ్మ పాపం కొట్టింది.

దిగాక కార్యదర్శి నడవడం కాసేపు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. జనం చేతులు కలిపారు, భుజాలకెత్తుకుంటామన్నారు. ఎత్తు అనే మాట వినగానే ఆయన నేల మీద కూర్చున్నాడు. గుంపు పలచబడ్డాక బల్ల దగ్గరికి వచ్చి, నిలబడడానికి దాని అంచు పట్టుకున్నాడు.

"బయటికేమైనా వినిపించిందా?"

"లేదండీ" అన్నాడు మైకాయన వైరు చుట్టుకుంటూ. "నేనొక్కణ్ణే విన్నాను. మొత్తం. మళ్లీ చక్కర్లు చెప్పాక విన్నది కూడా."

కార్యదర్శి ఆ మొహంలోకి చూశాడు. కోపం కనిపించి ఉంటే ఆయనకు కాస్త ధైర్యం వచ్చేది. అక్కడ కోపం లేదు, పొదుపరి తృప్తి ఉంది.

అప్పటి నుంచి ఏ సమావేశంలోనైనా మైకాయన దగ్గితే చాలు, కార్యదర్శి చెబుతున్న వాక్యం మధ్యలో ఆగిపోతుంది. మైకాయన అవసరం లేకపోయినా దగ్గుతుంటాడు.

షో జరిగిన సాయంత్రం భార్య పళ్లెంలో వంకాయ కూర వడ్డిస్తూ, "అయిపోయిందా మీ పగ?" అని అడిగింది.

మైకాయన ముద్ద కలుపుతూ లెక్క చూసుకున్నాడు.

"పాముకు పన్నెండేళ్లు కదే. ఇంకా మూడేళ్లుంది."