లాగౌట్ నేర్పిన సార్

మా కంప్యూటర్ సార్ పోయిన మంగళవారం చనిపోయారు. కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని శిక్షణా కేంద్రంలో ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఈ కబురు చేరలేదు. ఆయన నడిపిన సర్వర్‌ను ఈ నెలాఖరుకు ఆపేస్తున్నారు. అందులోని పాత ఖాతాలు తీసేసే పని నాకు అప్పగించారు. అందుకే దుఃఖం తీరకముందే రాయాల్సి వస్తోంది.

మా తాత గనిలో పనిచేశాడు. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేనే. చేరిన రోజు అమ్మ ఫారం మీద వేలిముద్ర వేస్తుంటే సిగ్గుతో తల వంచుకున్నాను. సార్ ఆ కాగితాన్ని సిరా ఆరేదాకా చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "చెరిగిపోతే అమ్మను మళ్ళీ పిలవాల కదమ్మా" అన్నారు.

బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ గుట్టల మీద గాలి లేచిన రోజుల్లో కీబోర్డుల నిండా తెల్లటి దుమ్ము పడేది. సార్ అందరికంటే ముందే వచ్చి పాత షేవింగ్ బ్రష్షుతో దులిపేవారు. ఆయన మాత్రం మూడు రోజుల గడ్డంతో ఉండేవారు.

"బ్రష్షు గడ్డానికి కాదా సార్?"

"నా మొగం ఎవురు చూస్తారమ్మా? మీరు తాకేది దీన్నే కదా."

రెండో ఏడాది నాకొక పని ఇచ్చారు. పాఠాలకు, పరీక్షలకు, మార్కులకు వేర్వేరు పాస్‌వర్డులు ఉండేవి. వెబ్ సర్వర్ ఒక్కసారి పాస్‌వర్డ్ అడిగి, వచ్చింది ఎవరో మూడింటికీ తానే చెప్పేలా చేయాలి. పది రోజులు కుస్తీ పట్టి సింగిల్ సైన్-ఆన్ పెట్టాను. ఒక్క పాస్‌వర్డుతో మూడూ తెరుచుకున్నాయి. అమ్మకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

మరుసటి వారం ఒక అమ్మాయి రాసిన పరీక్షంతా, ఆమెకు ముందు అదే కంప్యూటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి పేరున చేరింది. పాఠాల పేజీలో లాగౌట్ కొట్టినా సర్వర్ పాత మనిషినే గుర్తుపెట్టుకుంది. కొత్తగా వచ్చిన ఆమెను పేరే అడగలేదు. ఆ సంగతి నేను చూసుకోలేదు.

సార్ అరవలేదు. "లోపలికి పోయేది చేసినావు. బయటికి వచ్చేది యాడ చేసినావమ్మా?" అన్నారు. సార్ వాళ్ళ నాన్న గనిలోకి దిగేటప్పుడు ఇత్తడి టోకెన్ తీసుకుని, పైకి వచ్చాక తిరిగి ఇచ్చేవాడట. "ఒగనాడు మర్చిపోయి జేబులోనే పెట్టుకొని ఇంటికొచ్చి పండుకున్నాడు. కిందనే ఉండాడని నలుగురు మళ్ళీ దిగి వెతికినారు. వాళ్ళు పైకొచ్చేదాకా గేటు కాడ నిలబడి ఏడ్చినాడమ్మా మా నాయన. పో, ఆ పాపకు నువ్వే చెప్పు."

చెప్పాను. "నీకేమక్కా, నాకు మళ్ళీ మూడు గంటలు!" అని తిట్టింది. ఆమె మళ్ళీ రాసినంతసేపూ సార్, నేను పక్కనే కూర్చున్నాం. ఆ తర్వాత ఇద్దరం కలిసి లాగౌట్ సరిచేశాం.

చదువు ముగించిన వాళ్ళ ఖాతాలు ఆయన ఎన్నడూ తీసేయలేదు. మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్ళు, ఉద్యోగం మారినప్పుడల్లా మార్కుల పత్రం కోసం వచ్చేవారు. "అడక్కుండా ఎవుర్నీ తీసేయొద్దమ్మా" అనేవారు. ఇప్పుడు ఆ జాబితా నా ముందుంది. తీసేస్తే ఆ పత్రాలు మళ్ళీ దొరకవు.

అందులో సార్ పేరూ ఉంది. ఏం చేయాలని నిన్న వాళ్ళ ఇంటికి వెళ్ళి సార్ భార్యను అడిగాను. "సారును ఇంగ యాడికి పోయి అడుగుదునమ్మా? నువ్వే చూసుకో" అని ఆమె లోపలికి వెళ్ళిపోయారు. ఆ పేరు దగ్గర నా చెయ్యి ఇంకా ఆగే ఉంది.

ఆయన జవాబు ఇవ్వలేరు. మీరు ఇవ్వగలరు. మీ పేరు, చదివిన ఏడాది, పత్రాలు కావాలో వద్దో ఈ నెల ఇరవయ్యో తారీఖులోగా కేంద్రానికి రాయండి.