చాచా నీలి గీతలు

మొన్న ఆదోనిలో స్కానింగు చేసే అంగడికి నేను దాచుకున్న పాత బొమ్మల అట్టలు తీసుకుపోతే, అంగడాయన మొదటిదాన్ని తెరమీద పెద్దదిగా చూపించి, సిరా గీతల కింద లేత నీలంగా కనిపించే పిచ్చి గీతలన్నీ ఒక్క నిమిషంలో మాయం చేసిస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకో ఆయనకు చెప్పే వ్యవధి లేక ఇక్కడ చెబుతున్నాను.

పేపరు రాగానే ముందు బొమ్మల కథ పేజీ వెతుక్కున్న మన తరానికి ఈ పిచ్చి అర్థమవుతుంది. నేను ఎమ్మిగనూరులో చీరల అంగడి గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఆదోని నుంచి వచ్చే చిన్న వారపత్రికలో మూడు గడుల బొమ్మల కథ పడేది. ఒక బండివాడు, వాడికంటే నాలుగాకులు ఎక్కువ చదివిన ఎద్దు. గీసేది ప్రెస్సింగ్ మిల్లులో పత్తి బేళ్ళమీద గుర్తులు వేసే పెద్దాయన. ఊరంతా చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన అట్టమీద గీసిన బొమ్మను బళ్ళారికి పంపి అచ్చుకు లోహపు బ్లాకు చేయించుకున్నాక, పత్రికవాళ్ళు ఆ అట్టను సిరా డబ్బాల కింద పరుచుకునేవారు. ప్రాణం ఉసూరుమని, సెలవు రోజుల్లో బస్సెక్కి పోయి ఒక్కొక్కటే ఏరి తెచ్చుకునేవాణ్ణి.

సంగతి చాచా చెవిన పడి, తను దాచుకున్న మొట్టమొదటి బొమ్మను నాకిచ్చి, దీన్ని బాగా చూసుకుంటే ఇంట్లో ఉన్న కట్టంతా ఇస్తానన్నాడు.

నా చదువు బడిలో అయిదో తరగతితో ఆగినా గ్రంథాలయంలో ఆగలేదు. పాత కాగితాల మరకలను రొట్టె మెత్తటి భాగంతో రుద్దితే పోతాయని అక్కడొక పుస్తకంలో చదివాను. చాచా బొమ్మ నిండా నీలి మరకలే. రెండు బన్నులు కొనుక్కొచ్చి రుద్ది, పోని చోట రబ్బరు కూడా పెట్టి, అచ్చులో వచ్చినంత తెల్లగా చేసి, శభాష్ అనిపించుకుందామని పట్టుకుపోయాను.

చాచా అట్టను వెలుతురుకు పెట్టి చూశాడు.

"నీలి గీతలు యాడికి పోయినాయప్పా?"

బన్నుల సంగతి గొప్పగా చెప్పాను.

"చాయలో అద్దుకోని తినాల్సింది గదప్పా!" అని లోపల్నుంచి చాచీ నవ్వింది. చాచా నవ్వలేదు.

"ఏ పుస్తకంలో రాసినారప్పా, నా చెయ్యి తుడిచెయ్యమని?"

బ్లాకు తీసే కెమెరాకు లేత నీలం కనబడదట. అందుకని నీలం పెన్సిలుతో వెతుక్కుంటూ గీసి, కుదిరిన గీతమీద మాత్రమే సిరా పెట్టేవాడట. ఎద్దుకు ఆ మొహం కుదరడానికి పడ్డ పాట్లన్నీ ఆ మొదటి బొమ్మలోనే ఉన్నాయట. సిగ్గుతో చచ్చిపోయి, ఆ గీతలు మళ్ళీ పెట్టమని బతిమాలాను. పెన్సిలు తీసి, సిరా గీత పక్కన రెండు గీసి, ఆపేశాడు.

"ఇప్పుడు ఎద్దు మొగం నాకు తెలుసు గదప్పా. తెలీనప్పుడు గీసిన గీత యాడ్నుంచి తెచ్చేది?"

ఆ రోజు కట్ట ఇవ్వలేదు. అయినా నేను పోవడం మానలేదు. పక్కన కూర్చుని ఆయన గీస్తుంటే చూసేవాణ్ణి. చూపు మందగించి బొమ్మలు మానేసిన ఏడాది, ఆయనే కట్ట నా ఒళ్ళో పెట్టాడు.

"ఈసారి ఏమీ చదవాకప్పా. ఊరికే పెట్టుకో."

ఇప్పుడు బొమ్మలవాళ్ళు తెరమీదే గీసి, తెరమీదే చెరిపి పత్రికలకు పంపుతున్నారట. ఏరి తెచ్చుకోవడానికి అట్టంటూ ఉండదు. పని తొందరగా తెములుతుంది, కాదనను. చాచా ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ మనసు మార్చుకున్నాడో నా దగ్గరున్న బొమ్మల్లో వేలుపెట్టి చూపించగలను. ఆ ఎద్దు మొదటిసారి ఎలా పుట్టిందో మాత్రం చూపించలేను. దాన్ని చివరిసారి చూసినవాణ్ణి నేనే, అప్పుడది మరకనుకున్నాను.